నాలుగో తరగతిలో 78, పన్నెండులో 87.3: దక్షిణాఫ్రికాలో ఒక బ్యాచ్ కేస్ స్టడీ

2025 జనవరి 13 సాయంత్రం దక్షిణాఫ్రికా విద్యామంత్రి సివివే గ్వారుబే టీవీ లైవ్‌లో 2024 మెట్రిక్ ఫలితాలు ప్రకటించారు. మెట్రిక్ అంటే అక్కడ పన్నెండో తరగతి. పాస్ శాతం 87.3. అప్పటిదాకా ఆ దేశంలో అంత శాతం ఎప్పుడూ రాలేదు. 6,15,429 మంది పాసయ్యారు. వాళ్ళలో 3,37,158 మందికి డిగ్రీలో చేరే అర్హత దొరికింది. ప్రావిన్సుల్లో ఫ్రీ స్టేట్ ఫస్ట్. మన పదో తరగతి ఫలితాల రోజు ఏ జిల్లా పైన ఉంది, ఏ జిల్లా అడుగున ఉంది అని టీవీకి అతుక్కుపోయేవాళ్ళకు అక్కడి హడావుడి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఈ బ్యాచ్‌లో ఏ తరగతీ తప్పకుండా వచ్చిన పిల్లలు 2016లో నాలుగో తరగతిలో ఉండాలి. పిర్ల్స్ అనే అంతర్జాతీయ పఠన పరీక్షను 2016 విడతలో దక్షిణాఫ్రికా నాలుగో తరగతి పిల్లలకు పెట్టారు. ఒక చిన్న కథో, సమాచారమో ఇచ్చి అందులో నేరుగా రాసి ఉన్న విషయాన్నే వెతికి చెప్పమంటారు. అది కనీస స్థాయి. వాళ్ళ దేశంలో అప్పటికి ఉన్న 11 అధికార భాషల్లో బడి ఏ భాషలో చెబుతోందో ఆ భాషలోనే పేపర్ ఇచ్చారు. అయినా 78 శాతం మంది ఆ కనీస స్థాయిని అందుకోలేదు. సగటు స్కోరు 320. ఆ స్కేలుకు మధ్య బిందువు 500.

అంటే ఒకే బ్యాచ్‌కి ఎనిమిదేళ్ళ తేడాతో రెండు అంకెలు. నాలుగో తరగతిలో వందలో 78 మందికి చదివింది అర్థం కాలేదు. పన్నెండులో వందకి 87 మంది పాస్. ఈ మధ్యలో ఏం జరిగింది? నా పని పిల్లలకు చదవడం ఎంత వచ్చిందో కొలిచే పరీక్షలు తయారు చేయడం, వాటిని బడుల్లో పెట్టడం, వచ్చిన లెక్కలు శాఖల చేతికి అర్థమయ్యేలా ఇవ్వడం. కొత్తవాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు నేను ఎక్కువగా వాడే కేస్ ఇదే. నాయకులు ఏ అంకె గురించి మైకు ముందు మాట్లాడతారో, మంత్రి ఆఫీసు నుంచి హెడ్మాస్టర్ దాకా అందరూ ఆ అంకెనే చూసుకుంటారు. దక్షిణాఫ్రికాలో మైకు పన్నెండో తరగతి దగ్గర ఉంది. జబ్బు రెండో తరగతిలో మొదలవుతోంది.

వెనకటి సంగతి

"చదువులు దిగజారిపోయాయి" అనే మాట అక్కడ ఎంత తరచుగా వినిపిస్తుందో, అందులో నిజం అంత తక్కువ. 1953 బంటూ ఎడ్యుకేషన్ చట్టం కింద నల్లజాతి పిల్లల బడిని కావాలనే నాసిరకంగా పెట్టారు. కొన్ని రకాల కూలి పనులకు మించి వాళ్ళకు ఈ సమాజంలో చోటు లేదని దాన్ని తెచ్చిన మంత్రి వెర్వూర్డ్ బహిరంగంగానే వాదించాడు. 1994 నాటికి జాతినిబట్టి, ప్రాంతాన్నిబట్టి విడగొట్టిన 19 విద్యాశాఖలు ఉండేవి. వాటిని కలిపి ఒక జాతీయ శాఖ, తొమ్మిది ప్రావిన్సు శాఖలు చేశారు. డర్బన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు, అంటే 1860 తర్వాత చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవాళ్ళ వారసులు, చదువుకున్నవి భారతీయుల కోసం వేరుగా నడిచిన శాఖ బడుల్లో. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలబెట్టుకోవాలని చూసిన సమాజం అది. వాళ్ళ బడులకు తెల్లవాళ్ళ బడులంత డబ్బు రాలేదు, నల్లవాళ్ళ బడులకు వాళ్ళకు వచ్చినంత కూడా రాలేదు. ఈ మెట్లు తెలియకుండా "అప్పట్లో బాగుండేది" అనేవాళ్ళతో వాదించడం దండగ. ఎవరికి బాగుండేది అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

నిజానికి 2003 నుంచి కొంత మెరుగుదల ఉంది. తొమ్మిదో తరగతి లెక్కల్లో టిమ్స్ అనే అంతర్జాతీయ పరీక్ష స్కోరు 2003లో 285, 2011లో 352, 2019లో 389. అడుగు నుంచి పైకి వచ్చింది కాబట్టి ఇంకా కిందే ఉంది, అయినా అంత వేగంగా పెరిగిన దేశాలు ఎక్కువ లేవు. చదవడంలో మాత్రం 2011కీ 2016కీ కదలిక లేదు. తర్వాత కోవిడ్ వచ్చింది. బడులు మూతపడ్డాయి, తెరిచాక కూడా రోజు విడిచి రోజు, వారం విడిచి వారం రమ్మనే పద్ధతి 2022 ఫిబ్రవరి దాకా సాగింది. 2021 పిర్ల్స్‌లో స్కోరు 288కి పడింది. 2023 మేలో ఆ ఫలితం బయటికొచ్చేసరికి 78 కాస్తా 81 అయింది. సెట్స్వానా భాషలో రాసిన పిల్లల సగటు 211.

కోవిడ్ దెబ్బ మెట్రిక్ మీద కూడా పడింది. 2019లో 81.3 ఉన్న పాస్ శాతం 2020లో 76.2 అయింది. అయితే అక్కణ్నుంచి 2022లో 80.1, 2023లో 82.9, 2024లో 87.3. ఎనిమిదో తరగతి ఏడాదిలో సగం బడి పోగొట్టుకున్న పిల్లలు రికార్డు కొట్టారు.

పాస్ శాతం ఎక్కడ తయారవుతుంది

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ఉమలూసి అనే సంస్థ పరీక్షల నాణ్యతను చూస్తుంది, మార్కులు సర్దుబాటు చేస్తుంది. "మార్కులు కలిపేస్తున్నారు, అందుకే ఇంత శాతం" అని ఏటా జనవరిలో గోల. పేపర్ కష్టంగా వస్తే పైకి, తేలిగ్గా వస్తే కిందికి, గత ఐదేళ్ళ సగటుతో పోల్చి ఒక పరిమితి లోపల సర్దడం చాలా పరీక్షా బోర్డులు చేసే పనే. నాకు అక్కడ పెద్ద మోసం కనిపించలేదు. దాని మీద అరిచేవాళ్ళు తప్పు గది తలుపు కొడుతున్నారు.

అసలు పని పరీక్ష హాలుకు రాకముందే అయిపోతుంది. ఈ బ్యాచ్ 2013లో ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఆ తరగతిలో సుమారు 12 లక్షల మంది ఉన్నారు. 2024లో రెగ్యులర్‌గా మెట్రిక్ రాసినవాళ్ళు సుమారు 7 లక్షల 5 వేలు. మిగతావాళ్ళలో కొందరు ఒక ఏడాదో రెండేళ్ళో వెనకబడి తర్వాతి బ్యాచ్‌ల్లో ఉన్నారు, కొందరు వృత్తి విద్యా కాలేజీలకు వెళ్ళారు, చాలామంది పది, పదకొండు తరగతుల్లో బడి మానేశారు. ప్రతిపక్షాలు 6.15 లక్షలను 12 లక్షలతో భాగించి "అసలు పాస్ శాతం సగమే" అని ఏటా పత్రికలకు పంపుతాయి. అదీ కాకి లెక్కే. ఒకటో తరగతిలో మళ్ళీ చదివేవాళ్ళు కూడా ఉంటారు, అందుకే ఆ 12 లక్షలు అసలు కంటే ఉబ్బి ఉంటుంది. ఆలస్యంగా పాసయ్యేవాళ్ళను కలుపుకుంటే పదిమందిలో ఆరుగురికి ఎప్పటికో ఒకప్పటికి మెట్రిక్ సర్టిఫికెట్ దొరుకుతోందని విద్యాశాఖ లెక్క. నాకు అది నమ్మదగినదిగానే కనిపిస్తుంది. పదికి ఆరు అంటే ఇరవై ఏళ్ళ కిందటితో పోలిస్తే మంచి ఎదుగుదల కూడా. ఆ మాట చెప్పుకోవడానికి మంత్రులకు ఎందుకో నోరు రాదు. 87.3 అనడంలో ఉన్న కిక్ అందులో లేదు మరి.

ఈ జల్లెడ పట్టేది పదో తరగతి దగ్గర. తొమ్మిది దాకా మూడేసి తరగతుల ఒక్కో దశలో ఒక్కసారి మాత్రమే పిల్లాణ్ని ఆపవచ్చు, రెండోసారి ఫెయిలైనా పైకి పంపాలి. అలా చదవడం రాకుండానే పైకొచ్చిన పిల్లలంతా పదో తరగతిలో పోగుపడతారు. హెడ్మాస్టర్ మీద ఒక్కటే ప్రెషర్, రెండేళ్ళ తర్వాత తన బడి పాస్ శాతం. బలహీనంగా ఉన్నవాణ్ని పదిలోనో పదకొండులోనో ఆపేస్తే, వాడు విసిగి మానేస్తే, బడి శాతం పెరుగుతుంది. వాణ్ని పన్నెండుకు పంపితే తగ్గుతుంది. హెడ్మాస్టర్ చెడ్డవాడై అలా చేస్తున్నాడని నేను అనను. మంచి మార్కుల బడి అని బ్యానర్ కట్టించుకున్నవాడికి, తక్కువ వచ్చిందని జిల్లా ఆఫీసులో నిలబెట్టి అడిగించుకున్నవాడికి మధ్య తేడా ఆ పదిమంది పిల్లలే.

ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. కాదర్ అస్మల్ మంత్రిగా ఉన్నప్పుడు 1999లో 48.9 ఉన్న పాస్ శాతం 2003కి 73.3 అయింది. అదే సమయంలో రాసినవాళ్ళ సంఖ్య సుమారు 5.11 లక్షల నుంచి 4.40 లక్షలకు తగ్గింది. పాసైనవాళ్ళ సంఖ్య కూడా పెరిగిన మాట నిజమే, అందుకే దాన్ని మొత్తంగా గారడీ అని తోసిపుచ్చలేం. కానీ ఆయన దిగిపోయాక శాతం మళ్ళీ ఏటా జారుతూ 2007కి 65.2కి వచ్చింది. అది చూసిన తర్వాతి మంత్రులందరికీ ఒక పాఠం మాత్రం బాగా ఎక్కింది: శాతం తగ్గితే పత్రికలు వదలవు.

రెండో జల్లెడ లెక్కలు. 2008 మెట్రిక్ నుంచి దాదాపు ప్రతి పిల్లా మ్యాథమెటిక్స్ కానీ, మ్యాథమెటికల్ లిటరసీ కానీ తీసుకోవాలి. రెండోది బిల్లులు, వడ్డీలు, మ్యాపులు లాంటి రోజువారీ లెక్క. పనికొచ్చేదే, కాదనను. కానీ దాంతో ఇంజనీరింగ్, మెడిసిన్, సైన్స్ డిగ్రీల దారి మూసుకుపోతుంది. పాస్ శాతం కోసం పిల్లల్ని పదో తరగతిలోనే దాని వైపు మళ్ళిస్తారు. 2024లో 7 లక్షల మందిలో అసలు మ్యాథమెటిక్స్ రాసినవాళ్ళు రెండున్నర లక్షలు. కొన్ని వందల ప్రభుత్వ బడుల్లో ఆ సబ్జెక్టే లేదు. గ్వారుబే ఫలితాల రోజునే దీని గురించి ఆందోళన పడ్డారు, ఆమెకు ఆ మార్కు ఇవ్వాలి.

మూడోది డబ్బూ మనుషులూ. బడిలో బాగా చెప్పే టీచర్ ఎవరైతే వాళ్ళను పన్నెండుకు వేస్తారు. శనివారం క్లాసులు, సెలవుల్లో క్యాంపులు, తిండి, బస్సు అన్నీ ఆ ఒక్క తరగతికే. రెండో తరగతికి శనివారం క్లాసు పెట్టిన బడిని నేనింకా చూడలేదు.

30 శాతం గొడవ

ప్రతిపక్షంలో ఎవరికైనా సులువుగా దొరికే నినాదం "30 శాతానికి పాస్ చేసే దేశం". ముసీ మైమానే దీన్ని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. జనానికి బాగా పట్టింది. నిజమైన నిబంధన వేరు. మాతృభాషలో 40, ఇంకో రెండు సబ్జెక్టుల్లో 40, మూడింటిలో 30 రావాలి. ఏడింటిలో ఒకటి పోయినా పర్వాలేదు. అన్నింట్లో 30 వచ్చినవాడు ఫెయిలే. డిగ్రీ అర్హతకు నాలుగు సబ్జెక్టుల్లో 50 కావాలి.

ఈ 30ని రేపు 50 చేశారనుకోండి. పిల్లలకు చదవడం వస్తుందా? హెడ్మాస్టర్ పదో తరగతి గేటు ఇంకొంచెం బిగిస్తాడు, మ్యాథ్స్ తీసుకునేవాళ్ళు ఇంకా తగ్గుతారు, పాస్ శాతం రెండేళ్ళు పడిపోయి మళ్ళీ పాత చోటికే వస్తుంది. అధికార పక్షం 87 చూపిస్తుంది, ప్రతిపక్షం 30 చూపిస్తుంది. ఇద్దరి వేలూ పన్నెండో తరగతి వైపే. చిత్రం ఏమిటంటే, గ్వారుబే ఏళ్ళుగా ప్రధాన ప్రతిపక్షంగా ఉన్న డెమొక్రటిక్ అలయన్స్ మనిషి. 2024 మే ఎన్నికల్లో అప్పటిదాకా పాలించిన ఏఎన్సీకి మెజారిటీ పోయి ఐక్య ప్రభుత్వం ఏర్పడ్డాక మంత్రి అయ్యారు. "అసలు పాస్ శాతం" అని ఏటా భాగహారం చేసి పత్రికలకిచ్చిన పార్టీ అదే. కుర్చీ మారగానే 87.3 చదివింది కూడా అదే పార్టీ.

మూడో తరగతి గదిలో

క్వాజులు-నటాల్ ప్రావిన్సులో ఒక ఊరి బడి. మూడో తరగతిలో యాభై మందికి పైనే పిల్లలు, ముగ్గురేసి ఒక బెంచీ మీద. ఇసిజులు పాఠం, అంటే ఆ పిల్లల సొంత భాష. బోర్డు మీద ఆరు లైన్లు రాసి ఉన్నాయి. టీచరమ్మ కర్రతో ఒక్కో మాట చూపిస్తుంటే క్లాసంతా ఒకే గొంతుతో చదివింది. రెండోసారి ఇంకా గట్టిగా. బయట నుంచి వింటే ఇంతకంటే మంచి క్లాసు ఉండదనిపిస్తుంది.

చివరి బెంచీలో ఒకమ్మాయి కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి, నోరు మాత్రం తడబడకుండా అందరితో పాటు కదులుతోంది. బెల్ కొట్టాక టీచరమ్మను అడిగి, ఆ ఆరు లైన్లనే కాగితం మీద రాసి, లైన్ల వరస మార్చి, ఆ అమ్మాయిని ఒక్కతిని చదవమన్నాం. మొదటి మాట బోర్డు మీది మొదటి మాటే చెప్పింది. కాగితం మీద అది లేదు. రెండో మాటకు ఆగిపోయింది. అక్షరం అక్షరంగా కూడబలుక్కుంటూ ఒక లైను పూర్తి చేసేసరికి మొదట ఏం చదివిందో మర్చిపోయింది. ఆ బెంచీలోని మిగతా ఇద్దరిదీ అదే వరస. ముందు బెంచీలో ఒకబ్బాయి మాత్రం గడగడా చదివి, నవ్వి, ఇంకో కాగితం ఇమ్మన్నాడు. వాళ్ళింట్లో అమ్మమ్మ చర్చి పుస్తకం చదివిస్తుందట.

ఇసిజులు, ఇసిఖోసా లాంటి భాషల్లో ఒక మాట మన తెలుగు మాటలాగే ప్రత్యయాలన్నీ కలుపుకుని పొడుగ్గా ఉంటుంది. అందుకే నిమిషానికి ఎన్ని మాటలు చదవగలడు అన్న లెక్క ఇంగ్లిష్ నుంచి అరువు తెచ్చుకుంటే పని చేయదు. ఈ భాషలకు విద్యాశాఖ పెట్టుకున్న మెట్టు మూడో తరగతి చివరికి నిమిషానికి 35 మాటలు. మాటల్ని విడదీసి రాసే సెట్స్వానా, సెసోతో లాంటి వాటికి 60. ఆ అమ్మాయి నిమిషంలో నాలుగు దగ్గర ఉంది.

టీచరమ్మ చెప్పిన మాట నా నోట్‌బుక్‌లో ఉంది. "ఇలా ఒక్కొక్కరిని చదివించమని మమ్మల్ని ఎవరూ అడగరు సర్. జిల్లా నుంచి వచ్చిన మేడమ్ ఏటీపీ ఎంతవరకు అయిందో చూసి, వర్క్‌బుక్‌లో తేదీలు చూసి, సంతకం పెట్టి వెళ్తారు." ఏటీపీ అంటే ఏ వారం ఏ పాఠం అవ్వాలో చెప్పే వార్షిక ప్రణాళిక. ఆమె దాన్ని ఒక్క వారం కూడా దాటనివ్వలేదు. ఆ పిల్లలు మరుసటి ఏడాది నాలుగో తరగతికి వెళ్తారు. అప్పట్లో అక్కడ సైన్స్, సోషల్, లెక్కలు అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఇసిజులులో ఒక లైను చదవలేని పిల్ల ఇంగ్లిష్ సైన్స్ పుస్తకం ముందు కూర్చుంటుంది.

ఏఎన్ఏ పుట్టడం, పోవడం

ఈ కేస్‌లో అసలు మలుపు ఇక్కడుంది, దీనికి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. కింది తరగతుల్లో ఏం జరుగుతోందో చూపించే అంకె ఒకప్పుడు ఉండేది. యాన్యువల్ నేషనల్ అసెస్‌మెంట్, పొట్టిగా ఏఎన్ఏ. అప్పటి అధ్యక్షుడు జాకబ్ జుమా 2010 ప్రసంగంలో భాషలోనూ లెక్కల్లోనూ పాసయ్యే పిల్లలు 2014కి కనీసం 60 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టాడు. 2011 నుంచి ఒకటి నుంచి ఆరు దాకా, తర్వాత తొమ్మిదికి కూడా, ప్రతి ప్రభుత్వ బడిలోనూ పరీక్ష పెట్టారు. ఒక దశలో సుమారు 70 లక్షల మంది పిల్లలు రాశారు. ప్రాథమిక తరగతులకు ఒక జాతీయ అంకె దొరికింది, మంత్రి దాన్ని కూడా మైకు ముందు చదవాల్సి వచ్చింది.

అయితే పరీక్ష తయారీలోనే లోపం ఉంది. ఏటా కొత్త పేపర్, పాత పేపర్‌తో కష్టాన్ని సరిచూసే పద్ధతి లేదు. దిద్దేది ఆ బడి టీచర్లే. మూడో తరగతి భాష సగటు 2011లో 35, 2012లో 52. ఒక్క ఏడాదిలో దేశం మొత్తం 17 మార్కులు పెరగదు. మా వృత్తిలో ఉన్న ఎవరైనా ఆ అంకె చూడగానే పేపర్ తేలికైందని చెబుతారు. మంత్రిత్వ శాఖ మాత్రం దాన్ని ప్రగతి అని చెప్పుకుంది. మరోవైపు తొమ్మిదో తరగతి లెక్కలు 13, 14, 11 దగ్గర తచ్చాడాయి. అది చెప్పుకోవడానికి ఏమీ లేదు.

టీచర్ల యూనియన్లు ఎదురు తిరిగాయి. ఏటా పెట్టడం దండగ, మూడేళ్ళకోసారి చాలు, ఫలితం చూసి బడిని తిడుతున్నారే తప్ప సాయం చేయడం లేదు, దిద్దడానికే వారాలు పోతున్నాయి అన్నాయి. ఇందులో చాలా మాటలు న్యాయమే. 2015లో పరీక్షను సెప్టెంబర్ నుంచి డిసెంబర్‌కు, అక్కణ్నుంచి మరుసటి ఫిబ్రవరికి జరిపారు. చివరికి అది మళ్ళీ లేవలేదు. లోపం ఉన్న కొలబద్దను సరిచేయడానికి ఎవరికీ తొందర లేకపోయింది. అందరికీ ఇబ్బంది పెట్టే అంకె పోయిందని రెండు వైపులా ఊపిరి పీల్చుకున్నారనే నా అనుమానం.

మన బ్యాచ్ 2015లో మూడో తరగతిలో ఉంది. వెస్టర్న్ కేప్ ఒక్కటే బయటి సంస్థతో మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు తన సొంత పరీక్ష కొనసాగించింది. మిగతా ఎనిమిది ప్రావిన్సుల్లో ఆ పిల్లల గురించి అందరినీ పోల్చి చూపే బయటి లెక్క మళ్ళీ కనిపించింది మెట్రిక్‌లోనే.

టీచర్లు, పోస్టులు

దీన్ని త్వరగా ముగిస్తాను, దీని గురించి బోలెడంత రాసినవాళ్ళున్నారు. టీచర్, హెడ్మాస్టర్ పోస్టులు డబ్బుకు అమ్ముకుంటున్నారన్న ఆరోపణలపై జాన్ వోల్మింక్ నాయకత్వంలోని బృందం 2016లో నివేదిక ఇచ్చింది. తొమ్మిదిలో కనీసం ఆరు ప్రావిన్సుల్లో విద్యాశాఖ నిజంగా సాడ్టు అనే టీచర్ల యూనియన్ చేతుల్లోనే నడుస్తోందని అందులో రాశారు. సాడ్టు ఏఎన్సీ మిత్రపక్షమైన కార్మిక సమాఖ్య కొసాటులో భాగం. కాబట్టి నివేదికను మంత్రి స్వీకరించారు, పత్రికలు రాశాయి, పెద్దగా తలలు తెగలేదు. దక్షిణ, తూర్పు ఆఫ్రికా దేశాల్లో జరిగే సాక్మెక్ అనే బడుల సర్వే 2007 లెక్కలు తిరగేస్తే ఆరో తరగతి లెక్కల టీచర్లలో 79 శాతం మందికి ఆరు, ఏడు తరగతుల లెక్కలే పూర్తిగా రావని తేలింది. వాళ్ళలో ఎక్కువమంది బంటూ ఎడ్యుకేషన్ కాలేజీల్లో ట్రైనింగ్ అయినవాళ్ళు. వాళ్ళకు ఎవరు ఏం నేర్పారో చూడకుండా తిట్టడం సులువు.

2019 వాగ్దానం

2019 జూన్‌లో సిరిల్ రమఫోసా పార్లమెంటు ప్రసంగంలో, పదేళ్ళలో దేశంలో ప్రతి పదేళ్ళ పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టారు. ఒక అధ్యక్షుడు మెట్రిక్‌ను పక్కనపెట్టి చదవడం గురించి మాట్లాడడం విని మా రంగంలోవాళ్ళం నిజంగా సంతోషించాం. అదే ప్రసంగంలో బుల్లెట్ రైలు, కొత్త స్మార్ట్ సిటీ కలలు కూడా ఉన్నాయి. మర్నాటి హెడ్డింగులు, జోకులు వాటి మీదే.

ఏం చేయాలో తెలియక ఆగిపోయిన పని కాదిది. విద్యాశాఖే 2015 నుంచి నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో 230 బడుల్లో సెట్స్వానా చదవడం మీద ఒక ప్రయోగం చేసింది. కొన్ని బడుల్లో టీచర్లను ఒకచోటికి పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు. కొన్నింటిలో అదే పాఠ ప్రణాళిక, అవే మెట్లవారీ చిన్న పుస్తకాలు ఇచ్చి, ఒక కోచ్‌ను తరగతి గదికే పంపి టీచర్ పక్కన కూర్చోబెట్టారు. కొన్నింటిలో తల్లిదండ్రులతో పని చేశారు. 80 బడుల్లో ఏమీ చేయలేదు, పోలికకు ఉంచారు. రెండేళ్ళకు కోచ్ వచ్చిన బడుల పిల్లలు సుమారు 40 శాతం ఏడాది చదువు ముందున్నారు. ఇంత శుభ్రంగా జరిగిన ప్రయోగం, అదీ ప్రభుత్వమే చేయించినది, చాలా దేశాల దగ్గర లేదు. మరి దేశమంతటికీ ఎందుకు పోలేదు? కోచ్‌కు జీతం కావాలి. అది ఏటా పదో పన్నెండో ఏళ్ళు ఇవ్వాలి. దాని ఫలితం మంత్రికి మైకు ముందు చెప్పుకునే అంకెగా మారాలంటే ఆ పిల్లలు మెట్రిక్‌కు రావాలి, అంటే రెండు ఎన్నికలు దాటాలి. ప్రావిన్సు ఖజానాలో ఉన్న డబ్బు టీచర్ల జీతాలకే చాలని రోజుల్లో శనివారం మెట్రిక్ క్యాంపు గెలుస్తుంది, కోచ్ ఓడిపోతాడు.

2024లో ఇదే మళ్ళీ చూశాం. సెప్టెంబర్ 13న రమఫోసా బేలా అనే కొత్త విద్యా చట్టం మీద సంతకం పెట్టారు. ఒకటో తరగతికి ముందు ఏడాదిని తప్పనిసరి చేసే మంచి నిబంధన అందులో ఉంది. నెలల తరబడి జరిగిన గొడవంతా అడ్మిషన్లు, బడి భాష ఎవరు నిర్ణయించాలన్న రెండు క్లాజుల మీదే, ఆఫ్రికాన్స్ బడుల భవిష్యత్తు మీదే. ఆ రెండింటినీ మూడు నెలలు ఆపి చివరికి డిసెంబర్‌లో అమల్లోకి తెచ్చారు. నాలుగో తరగతి పిల్లలెవరి గురించీ ఆ మూడు నెలల్లో ఒక్క హెడ్డింగు నా కంటపడలేదు.

నేను ఏం సూచిస్తాను

మెట్రిక్ ప్రకటన ఆపమని నేను అడగను, ఏ మంత్రీ ఆపడు కూడా. అదే రోజు, అదే స్టేజీ మీద, రెండో తరగతి చివరలో ఎంతమంది మెట్టు అందుకున్నారన్న అంకె కూడా ప్రావిన్సులవారీగా చదవాలని మాత్రం అడుగుతాను. దానికి 70 లక్షల మందికి పరీక్ష అక్కర్లేదు. ప్రతి ప్రావిన్స్‌లోనూ కొన్ని వందల బడులు లాటరీలో తీసి, బడికి ఇరవై మంది పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ఒక పేజీ చదివిస్తే సరిపోతుంది. ఇది కొత్త ఆలోచన కాదు. 2005లో భారత్‌లో మొదలైన అసర్ సర్వే ఇంటింటికీ వెళ్ళి చేస్తున్నది ఇదే. దాన్ని చూసి 2009 నుంచి కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో ఉవెజో మొదలైంది. దక్షిణాఫ్రికా దగ్గర భాషలవారీ మెట్లు కూడా ఇప్పటికే ఉన్నాయి.

మూడు షరతులు. దిద్దేది ఆ బడి టీచర్ కాకూడదు. ఏటా కొన్ని పాత పేరాలు అలాగే ఉంచాలి, లేకపోతే ఏఎన్ఏలాగే ఏ రెండేళ్ళనూ పోల్చలేం. బడి పేరు బయటపెట్టకూడదు. పెడితే మూడో ఏట నుంచి పిల్లలు ఆ పేజీని కూడా బోర్డు మీది పాఠంలాగే బట్టీ పట్టి అప్పజెబుతారు, యూనియన్లు మళ్ళీ న్యాయంగానే రోడ్డెక్కుతాయి.

రమఫోసా గడువు 2029. ఆ ఏడాది పదేళ్ళు నిండే పిల్లలు 2019లో పుట్టినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి 2026 ఒకటో తరగతి, 2027 రెండో తరగతి. తర్వాతి జాతీయ ఎన్నికలు కూడా 2029లోనే. 2027 చివర్లో మొదటి కొలత జరిగితే, వెనకబడినవాళ్ళకు మూడో తరగతిలో ఒక ఏడాది మిగులుతుంది, కోచ్‌లను ఏ జిల్లాకు ముందు పంపాలో తేలుతుంది. ఆ కొలతకు బడుల జాబితా, పేరాలు, చదివించే మనుషుల ట్రైనింగ్ సిద్ధం కావడానికి కనీసం ఏడాది పడుతుంది.